అంచె పరుగు: ఇంటివారి పాలు



ఒకడే పరుగెత్తి ఒకడే గెలుచు పందెమును మనమందఱము ఎఱుగుదుము. ఒకరి తరువాత ఒకరుగా పదిమంది పంచుకొని పరుగెత్తు పందెము వేఱొకటి కలదు. దూరము 80 కిలోమీటర్లు కావచ్చును, 200 కావచ్చును. మొదటివాడు తన పాలి దూరమును ముగించి, చేతనున్న కోలను రెండవవానికి అందించును. రెండవవాడు మూడవవానికి అందించును. కడపటివాడు గమ్యమును జేరినప్పుడే జట్టు చేరినట్లు లెక్క. మన పల్లెలనుండి కళాశాలలకును, పోలీసు సేనా శిక్షణలకును, దూరదేశములకును బోయిన పిల్లలు ఇట్టి పందెములలో జేరు కాలమిది. అట్టి బిడ్డ మన యింట నున్నప్పుడు పెద్దలు చేయదగిన దేమి, చేయరాని దేమి యనునది నేటి ప్రసంగమునకు విషయము.

ఈ పందెమును అంచె పరుగని పిలుచుట తగును. అంచె యను మాట మనకు క్రొత్తది కాదు. పని అంచెలంచెలుగా సాగినదని నిత్యమును చెప్పుకొనుచునే యున్నాము. అంచె యనగా ఒకడు ఆగి మఱియొకడు బయలుదేరు చోటు. జాబు గాని బరువు గాని చేతులు మాఱు మజిలీ. రైలును తంతియు లేని దినములలో జాబులును పల్లకీలును ఈ విధముగనే దేశము దాటెను.

ఫ్రెంచి దేశపు రత్నవర్తకుడు టావర్నియే 1652లో మచిలీపట్టణమున ఓడ దిగి మన దేశమున సంచరించెను. 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథమున అతడు కాలినడక వార్తాహరులను గూర్చి ముచ్చటగా వ్రాసియున్నాడు. బాటవెంట కొన్ని మైళ్ల కొకటి చొప్పున చిన్న గుడిసెలుండెను. ఒక్కొక్క గుడిసెలో ఇద్దఱు ముగ్గురు మనుష్యులు కాచుకొని యుండిరి. జాబు తెచ్చినవాడు దానిని వాకిట పడవైచును. చేతి కందించుట అపశకునమని వారి నమ్మకము. లోపలివారిలో ఒకడు దానిని ఎత్తుకొని ఆ క్షణముననే పరుగు లంకించుకొనును. ఈ కాలిబంట్లు గుఱ్ఱపు రౌతులకంటెను త్వరగా జాబు చేర్చుచుండిరని అతని సాక్ష్యము. కారణము స్పష్టమే. గుఱ్ఱమునకు అలసట కలదు, అంచెకు లేదు. ఆ వేగమునకు మూలము పరుగెత్తువాని కాళ్లు మాత్రమే కాదు. ముందు గుడిసెలో మేలుకొని కూర్చున్నవాని సంసిద్ధత కూడ దానికి మూలమే. ఈ విషయమును శ్రోతలు మనసున నుంచుకొన గోరెదను. ఇంటివారి పాలు ఇక్కడనే మొదలగుచున్నది.

జపాను దేశీయులు ఈ పద్ధతినే గొప్ప క్రీడగా మలచుకొనిరి. దానిని వారు ఎకిదెన్ అందురు. ఆ మాటలోని మొదటి భాగమునకు మజిలీ యనియు, రెండవదానికి అందించుట యనియు అర్థము. రాజధాని టోక్యోకు మాఱి 50 సంవత్సరములైన సందర్భమున, 1917 ఏప్రిలులో, పాత రాజధాని క్యోటోనుండి టోక్యోవఱకు సుమారు 500 కిలోమీటర్ల దూరమును 23 అంచెలుగా విభజించి, రాత్రింబవళ్లు పరుగెత్తి మూడు దినములలో ముగించిరి. 1920లో విశ్వవిద్యాలయముల విద్యార్థులకై హకోనె పందెము ఆరంభమైనది. ఇప్పుడది ఏటేట జనవరి 2, 3 తేదీలలో జరుగుచున్నది. జట్టునకు పదిమంది, పోవునపు డైదుగురు, వచ్చునపు డైదుగురు, మొత్తము దూరము సుమారు 217 కిలోమీటర్లు. అక్కడ చేతికోలకు బదులు గుడ్డపట్టీని ఉత్తరీయమువలె భుజముమీదుగా ఏటవాలుగా వేసికొందురు. అంచె సమీపింపగానే దానిని తీసి చేత బట్టుకొని తరువాతివాని కందింతురు. పదిమంది చెమటయు ఆ పట్టీలో ఇంకును.

ఆ పందెములో ఒక కఠిన నియమము కలదు. ముందున్న జట్టునకును వెనుకబడిన జట్టునకును నడుమ నిర్ణీత వ్యవధి దాటినచో, రావలసినవానికై ఇక కాచుకొనక, తరువాతివానిని వేఱొక పట్టీతో పంపివేయుదురు. వెనుకటివాడు ప్రాణములు బిగబట్టి అంచెకు వచ్చునప్పటికి పట్టీ నందుకొను చేయి అక్కడ నుండదు. అట్టి గడియలో ఆ బిడ్డకు ఎదురువచ్చు మనిషి ఎవడో, వాని నోటివెంట వచ్చు మొదటి మాట ఏదో, అది పందెపు ఫలితముకంటె ఎక్కువ కాలము ఆ బిడ్డ మనసున నిలుచును.

ఇక మన త్రోవకు వత్తము. విజయవాడనుండి నందిగామ మీదుగా జగ్గయ్యపేటకు సుమారు 80 కిలోమీటర్లు. ఆ దూరమును పదిమంది పంచుకొనిరని ఊహింపుడు. తలకు 8 కిలోమీటర్లు. కిలోమీటరునకు 6 నిమిషముల చొప్పున ఒక్కొక్కరికి 48 నిమిషములు, పదిమందికి 8 గంటలు పట్టును. తెల్లవారుజామున 4 గంటలకు ఆరంభించినచో మొదటివాడు చల్లగాలిలో పరుగెత్తును. పదియవవాడు 11 గంటల 12 నిమిషములకు కోల నందుకొని నడిమింటి యెండలో పరుగెత్తును. దూరము సమానమే గాని భారము సమానము కాదు. ఒక్కొక్కరు 5 నిమిషములు ఆలస్యము చేసినచో పదియవవాడు అంచెలో ముప్పావుగంట అదనముగా కాచుకొనవలెను. కావున మా వాడెంత దూరము పరుగెత్తును అని అడుగుటతో పెద్దలు తృప్తి పడరాదు. ఎన్నవవాడు, ఏ వేళకు, ఏ చోట, నీడ యున్నదా, నీరున్నదా, కాచుకొనునపుడు ప్రక్క నెవరుందురు అని అడుగవలెను. ఇవి వంటిల్లు, పొలము, పెండ్లిపందిరి నడిపిన పెద్దలకు తెలిసిన ప్రశ్నలే.

పందెమునకు ముందు ఇంటివారు చేయగల ఉపకారములలో మొదటిది నిద్ర నిచ్చుట. చుట్టములను పిలిచి, రాత్రి పదునొకండు గంటలవఱకు దీవెనలును ముచ్చట్లును సాగించుట ప్రేమయే గాని మేలు కాదు. రెండవది, శరీరమును ఎండకు అలవాటు చేయుటకు వ్యవధి నిచ్చుట. చల్లని పట్టణమునందో, చల్లని దేశమునందో యుండి వచ్చినవాడు మన మెట్ట మండలపు టెండలో వెంటనే పరుగెత్తరాదు. 10 మొదలు 14 దినములు కొద్దికొద్దిగా అలవాటు చేసికొన్నచో చెమట త్వరగా పట్టుటయు, చెమటతో పోవు ఉప్పు తగ్గుటయు జరుగునని వైద్యుల నిర్ణయము. కృష్ణకు ఆవలి రెంటచింతల యెండలను గూర్చి విన్న మనకు ఈ మాట వివరింప నక్కఱలేదు.

ఆహారమును గూర్చి అవ్వలకును అమ్మలకును ఒక మనవి. పరుగునకు మూడు నాలుగు గంటలు ముందుగా తేలికయైన అన్నము గాని ఇడ్డెనలు గాని పెట్టుడు. గంట ముందు ఒక అరటిపండు చాలును. నేతిగారెలును, ఆవకాయయు, గోంగూరయు పందెము ముగిసిన మఱునాటికి ఉంచుడు. బిడ్డ యెన్నడును తినని బలవర్ధకమును, ఎవరో చెప్పిరని ఆ దినముననే క్రొత్తగా పెట్టవలదు. కొన్ని పందెములలో ఒక్కొక్కరు ఒకటికంటె ఎక్కువ సార్లు పరుగెత్తవలసి యుండును. అమెరికాలో 1982లో ఆరంభమైన హుడ్ టు కోస్ట్ పందెమున పండ్రెండుగురు జట్టుగా హుడ్ పర్వతమునుండి పసిఫిక్ తీరమువఱకు సుమారు 200 మైళ్లు, తలకు మూడు సార్లు చొప్పున, రాత్రియు బగలును పరుగెత్తుదురు. అట్టిచోట పరుగునకు పరుగునకు నడుమ పొడిబట్టలు, పొడి మేజోళ్లు, కొంచెము మజ్జిగ, అరటిపండు, బెల్లపుముక్క, కాళ్లు చాపుకొనుటకు చోటు, ఇవియే రాజోపచారములు. బండి తోలువానికి కూడ నిద్ర యుండవలెను. రాత్రియంతయు మేలుకొని బండి తోలువాడు జట్టున కంతటికిని అపాయమే.

నీటిని గూర్చి రెండు తప్పుత్రోవలు కలవు. త్రాగక పోవుట ఒకటి. దప్పిలేకున్నను కడుపునిండ త్రాగించుట రెండవది. అతిగా త్రాగిన నీరు రక్తములోని ఉప్పును పలుచన చేయును, తలనొప్పి, వాంతి, తికమక కలుగును, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమగును. 2002లో బోస్టను మారథాను పరుగు ముగించిన 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి 13 మందిలో ఉప్పు ప్రమాణము తగ్గియున్నట్లు తేలినది. కావున దప్పి యైనంత త్రాగనిండు. చెమట మిక్కుటముగా పోయినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ గాని, ఓఆర్ఎస్ పొట్లమును దానిపై అచ్చువేసినంత నీటిలో కలిపి గాని ఇండు. అంచెల నడుమ నీరందించుటకు ఎవరికి అనుమతి కలదో ముందే తెలిసికొనుడు. హకోనె పందెమున ఇంచుమించు 10, 15 కిలోమీటర్ల గుర్తులకడ నియమితులైనవారే నీరందింతురు. కనబడిన చోటనెల్ల చెంబుతో ఎదురేగిన తండ్రి, తెలియకయే జట్టును పందెమునుండి తొలగించినవా డగుటయు కలదు.

పరుగు రహదారిమీద నైనచో మఱికొన్ని జాగ్రత్తలు కలవు. మన 65వ జాతీయ రహదారిపై లారీలకు పగలు రాత్రి భేదము లేదు. పోలీసువారి అనుమతియు కాపలాయు లేక అట్టి బాటపై పిల్లలను పరుగెత్త నీయరాదు. పరుగెత్తువాడు ఎదురుగా వచ్చు బండ్లు తన కంటికి కనబడునట్లు కుడి యంచున సాగవలెను. చీకటిలో వెలుగు తగులగానే మెఱయు పట్టీలుగల చొక్కా తొడిగికొనవలెను. ఇంటివారి బండి వాని వెనుకనే ప్రాకరాదు. అది వెనుకనుండి వచ్చు బండ్లకు అడ్డమగును. ముందుకు బోయి, బాట దిగి, నిలిపి, కాచుకొనవలెను. టావర్నియే కాలపు గుడిసెలోని మనిషి చేసినదియు అదియే.

అంచెలో కోల చేతులు మాఱు క్షణము మిక్కిలి సున్నితమైనది. ఉత్సవమున స్వామి పల్లకి మోయువారు భుజము మార్చుకొనుట మన మెఱిగినదే. క్రొత్తవాడు భుజము పూర్తిగా ఆనించినదాక పాతవాడు వదలడు. అపుడు ప్రక్కవారెవరును వానిని పలుకరింపరు. అంచెలోను అట్లే. మీ బిడ్డ వచ్చుచున్నాడని ఆనందముతో అడ్డము పోవలదు. కోల నందుకొనువాడు పొరుగింటి బిడ్డ యైనను, ఆ క్షణమున వానికి త్రోవ యిచ్చుట మీ బిడ్డకు ఉపకారము చేయుటయే.

ఇక ముఖ్యమైన విషయమునకు వత్తును. ఒంటి పరుగులో బిడ్డ ఆగిపోయినచో నష్టము వాని దొక్కనిదే. అంచె పరుగులో తన వెనుక తొమ్మిదిమంది శ్రమ యున్నదను బరువు వాని మెడమీద నుండును. కాలు విఱిగినను ఆగరాదని తోచునది ఇందువలననే. 2018 అక్టోబరులో జపానులోని ఫుకువోకా ప్రాంతమున స్త్రీల ఎకిదెన్ పందెము జరిగినది. అందులో పందొమ్మిదేండ్ల క్రీడాకారిణి తన అంచె ఇక కొన్ని వందల మీటర్ల దూరమున నుండగా కాలియెముక విఱిగి పడిపోయినది. ఆమె లేవలేక, మోకాళ్లమీదను చేతులమీదను ప్రాకుచు పోయి పట్టీ నందించినది. మోకాళ్లు రక్తసిక్తమైనవి. ఆమెను ఆపవలసినదని శిక్షకుడు కోరెను. ఆ కోరిక బాటమీద నున్న అధికారికి సకాలమున అందలేదు. లోకము ఆమె పట్టుదలను కొనియాడినది. ఆమెను ఏల ఆపలేదని ప్రశ్నించినవారును అనేకులు. పెద్దలమైన మనము ఆ రెండవవారి పక్షమున నిలువవలసియున్నది. పట్టీ చేతులు మాఱుటకు నియమములు కలవు. ఆపుమను మాట చేతులు మాఱుటకు మాత్రము ఏర్పాటు చాలలేదు.

ఎముక విఱిగినచో కంటికి తెలియును. వడదెబ్బ అట్లు తెలియదు. పరుగెత్తునపుడు కండరములు ఖర్చుపెట్టు శక్తిలో ఇంచుమించు నాల్గింట మూడు పాళ్లు వేడిగనే మాఱును. వెలుపలి గాలియు వేడిగ నున్నచో ఆ వేడి పోవు దారి మూసికొనును. శరీరపు లోవేడి 40 డిగ్రీలు దాటినప్పుడు మొదట చెడునది తెలివి. త్రాగినవానివలె తూలుట, సంబంధములేని మాటలు, కారణములేని కోపము, తానున్న చోటు తెలియకుండుట, ఇవి గుర్తులు. చెమట పోయుచుండుటను జూచి భయములేదని తలపరాదు. అట్టివానిని బాగున్నావా యని అడిగిన బాగున్నాననియే చెప్పును. వాని మాటకు అప్పుడు విలువ లేదు; మీ కంటికే విలువ.

ఆ గుర్తులు కనబడినప్పుడు చేయవలసినది ఇది. వెంటనే ఆపి నీడకు జేర్చుడు. ముందు చల్లార్చుట, తరువాత తరలించుట. తొట్టియున్నచో మెడవఱకు చల్లని నీట కూర్చుండబెట్టి, తల నీట మునుగకుండ ఒకరు పట్టుకొనియుండవలెను. లేనిచో బిందెలతో ఒడలంతయు తడిపి, తడిగుడ్డలు మార్చుచు విసరుడు. 108కి కబురు చేయుడు. తెలివి తప్పినవాని నోట నీరు పోయరాదు. మొదటి అరగంటలో చల్లార్చినచో ప్రాణము దక్కుట కెక్కువ అవకాశము కలదు. ఆసుపత్రి ఎంత దూరమని లెక్క వేయుచు చల్లార్చుట మానినచో ఆ అరగంట బాటలోనే గడచిపోవును.

అయినను జట్టు పోవునే, పదిమందిలో తలవంపు గదా యని కొందఱు సందేహింతురు. దీనికి ఇటీవలి దృష్టాంత మొకటి చెప్పెదను. 2024 మే నెలలో బహమాస్ దీవులలోని నాసౌ పట్టణమున ప్రపంచ అంచె పరుగు పోటీలు జరిగెను. ఇవి దూరపు పరుగులు కావు. వానిలో నలుగురు తలకు 400 మీటర్లు పరుగెత్తు పందెములు కలవు. మన దేశపు పురుషుల జట్టులో రెండవ పరుగరి మొదటి దినమున కండరములు పట్టివేయుటచే నడుమనే ఆగిపోయెను. జట్టు పరుగు ముగింపలేదు. మఱునాడు వేఱొకనిని జేర్చుకొని అదే జట్టు మరల పరుగెత్తి పారిస్ ఒలింపిక్ క్రీడలకు అర్హత సంపాదించినది. స్త్రీల జట్టునకు కూడ మొదటి దినమున అర్హత దొరకలేదు. మఱునాడు 3 నిమిషముల 29.35 సెకండ్లలో ముగించి దానిని సాధించినది. ఆ జట్టులో మూడవ అంచె పరుగెత్తినది మన పశ్చిమగోదావరి తణుకు బిడ్డ దండి జ్యోతికశ్రీ. పారిసులో ఆ జట్టు తొలి పరుగునుండి ముందునకు పోలేదు. అయినను తెలుగుబిడ్డ యొకతె ఒలింపిక్ అంచెలో కోల పట్టెనను మాట చెక్కుచెదరలేదు. ఆగినవానితో జట్టు ముగియలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

కావున పందెమునకు బయలుదేరు ముందురోజుననే ఇంటి పెద్ద బిడ్డను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, నలుగురు వినునట్లు చెప్పవలసిన మాట యొకటి కలదు. "నాయనా, నీ శక్తికొలది పరుగెత్తుము. నీ ఒడలు వలదన్నచో ఆగుము. ఆగినందులకు ఈ యింట నిన్నెవరును ఒక్కమాట యనరు, అన్నచో నేనున్నాను." ఆడపిల్లకైనచో ఈ మాట మఱింత అవసరము. ఆమె పరుగెత్తుటయే తప్పన్నవారు, ఆమె ఆగినప్పుడు మేము చెప్పలేదా యని లేతురు. వారి నోటికి అడ్డు నిలువగలది తాతగారి మాట గాని తండ్రి మాట గాని. శిక్షకుడును జట్టు నాయకుడును ఉన్నచో వారితో కూడ ముందే మాటలాడి, ఎవరు ఆపుమన్న ఆపవలెనో, ఆ మాట ఎట్లు అందవలెనో నిశ్చయించుకొనుడు. ఒక్కొక్క అంచెలో తెలివిగల పెద్దమనిషి యొకడు, జట్టులోని ఏ బిడ్డనైనను తన బిడ్డగా జూచువాడు, కాచుకొని యుండవలెను. పది కుటుంబములు పది అంచెలు పంచుకొన్నచో ఇది కష్టము కాదు. మీరు ఐదవ అంచెలో పొరుగూరి బిడ్డను కనిపెట్టుచున్నప్పుడు, తొమ్మిదవ అంచెలో ఆ యూరివారు మీ బిడ్డను కనిపెట్టుచుందురు.

ఈ బరువు యువకులకంటె వృద్ధులకే తగును. ఎండలో ఒకచోట గంటలకొలది ఓర్పుతో కూర్చుండుట, దూరమున వచ్చు మనిషి నడకను జూచి వాని కులాసాను గ్రహించుట, పదిమంది వద్దన్నను ఒకమాట గట్టిగా చెప్పుట, ఇవి వయస్సు నేర్పు విద్యలు. వేదాద్రి రేవున నిలిచి ఆవలిగట్టు పడవ రాకను బట్టి నీటి పోటు చెప్పగల కంటికి, పరుగెత్తి వచ్చు బిడ్డ తూలుచున్నాడో లేదో చెప్పుట యెంత?

పందెము ముగిసి బిడ్డ ఇల్లు చేరినప్పుడు ఎన్నవ జట్టుగా వచ్చితిరని అడుగుటకు మఱునాటివఱకు వ్యవధి కలదు. కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి, ముందుగా అడుగవలసినది వేఱు: "పదిమందియు క్షేమముగా చేరితిరా, నాయనా?"